"ఒక్కటే తీసుకోండి" అని రాసి పెట్టిన గిన్నె

ప్రశ్న: మేడమ్, నమస్తే. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదేళ్లు. గత ఏడాది హాలోవీన్ సాయంత్రం, అంటే పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్లి క్యాండీ తీసుకునే పండగ రోజు, మా వీధిలో ఒకరు గుమ్మం ముందు గిన్నె నిండా క్యాండీ పెట్టి, "ఒక్కటే తీసుకోండి" అని కాగితం అంటించి ఎక్కడికో వెళ్లారు. మావాడు, వాడి ఫ్రెండ్స్ ఇద్దరు కలిసి గిన్నె మొత్తం సంచుల్లోకి గుమ్మరించుకున్నారట. మావారు వీధి చివర ఫోన్ మాట్లాడుతూ చూసుకోలేదు. రెండు రోజుల తర్వాత పాప చెబితే నాకు తెలిసింది. బాబుని గట్టిగా కేకలేశాను. అక్కడితో వదిలేశాం. కానీ ఆ ఇంటి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు తల దించుకోవాలనిపిస్తుంది. ఈసారి మా అత్తగారు, మామగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. "మనింటి పిల్లలు సంచి పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడుక్కోవడం ఏంటమ్మా?" అని మామగారు రోజూ అంటున్నారు. బాబేమో నాన్న రావద్దు, ఫ్రెండ్స్‌తోనే వెళ్తానంటున్నాడు. ముక్కూ మొహం తెలియని వాళ్లు ఇచ్చే చాక్లెట్లలో ఏం కలుస్తుందోనని నాకు అదొక టెన్షన్. ఈ ఏడాది మానిపించేస్తే ఏ గొడవా ఉండదనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?
— ఒక అమ్మ, టెక్సాస్

సమాధానం:

అమ్మా, మానిపించకండి. మానిపిస్తే ఆ గిన్నె సంగతి మీ వాడి మనసులో అలాగే ఉండిపోతుంది. తప్పు చేస్తే పండగ పోతుందని మాత్రం వాడికి అర్థమవుతుంది. ఆ తప్పు ఎవరికి తగిలిందో, దాన్ని సరిదిద్దుకోవడం ఎలాగో తెలియదు. అవి తెలుసుకోవడానికి ఈ పండగే మంచి అవకాశం.

ముందు మీ మామగారి మాట తీసుకుంటాను. ఆయన్ని చాదస్తం కింద కొట్టిపారెయ్యకండి. ఊరికే చెయ్యి చాచకూడదు అన్న విలువ ఆ మాట వెనక ఉంది. ఒక సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, "మామయ్యగారూ, మీ చిన్నప్పుడు దసరాకి అయ్యవారితో పిల్లలందరూ వచ్చేవాళ్లట కదా, ఎలా ఉండేది?" అని అడిగి చూడండి. గుంటూరు వైపు ఆ వయసు వాళ్లకి చూసిన జ్ఞాపకమో విన్న జ్ఞాపకమో తప్పకుండా ఉంటుంది. రంగు కాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని, కొత్త బట్టలేసుకుని, బడిపిల్లలు పంతులుగారి వెంట ఇంటింటికీ వెళ్లి పద్యాలు పాడేవారు. బుక్కాగులాలు చల్లేవారు. ఇంటివాళ్లు పంతులుగారికి దక్షిణ ఇచ్చి, పిల్లల చేతుల్లో పప్పు బెల్లాలు పోసేవారు. తెలంగాణలో ఇప్పటికీ దసరా సాయంత్రం పిల్లలు జమ్మి ఆకు పట్టుకుని "బంగారం" అంటూ పెద్దవాళ్ల చేతిలో పెట్టి దండం పెడతారు, దీవెన తీసుకుంటారు. దాన్ని ఎవరూ అడుక్కోవడం అనలేదు, ఎందుకంటే ఆ పిల్లలు తీసుకునే ముందు ఏదో ఒకటి ఇచ్చేవారు.

హాలోవీన్ మూలాల్లోనూ ఇదే ఉంది. స్కాట్లండ్‌లో పిల్లలు వేషాలు వేసుకుని వెళ్లి ఒక పాటో పద్యమో అప్పజెప్పాకే తాయిలం తీసుకునేవారు. ఇంగ్లండ్‌లో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేస్తామని చెప్పి చిన్న రొట్టెలు తీసుకునేవారు. అమెరికాకి వచ్చాక ఇచ్చే భాగం పలచబడిపోయింది, తీసుకునే భాగం మిగిలింది. అందుకే మీ మామగారికి అది భిక్షలాగా కనిపిస్తోంది. మీ పిల్లలు ఇచ్చేది ఏదో ఒకటి ఉండేలా చూడండి. తలుపు తీసిన మనిషి కళ్లలోకి చూసి పలకరించడం, ఇచ్చింది పుచ్చుకుని థాంక్యూ చెప్పడం, వాళ్లింటి అలంకరణలో నచ్చింది ఒక మాట అనడం. ఒంటరిగా ఉండే ముసలావిడ గుమ్మంలో ఐదేళ్ల పాప నిలబడి "మీ గుమ్మడికాయ బాగుంది" అంటే, ఆవిడకి ఆ సాయంత్రం వచ్చిన కానుక అదే. నేను న్యూజెర్సీలో ఉన్న ఇరవై ఏళ్లలో నా గుమ్మంలోకి వచ్చిన పిల్లల వేషాలు నాకు గుర్తు లేవు. అలా మాట్లాడిన పిల్లలు గుర్తున్నారు.

మామగారికి ఒక పని అప్పగించండి. ఆ సాయంత్రం పోర్చ్ లైట్ వేసి, కుర్చీ వేసుకుని, గుమ్మం దగ్గర క్యాండీ ఇచ్చేది ఆయనే. వద్దంటే బలవంతపెట్టకండి కానీ అడిగి చూడండి. మన పెద్దవాళ్లు ఇచ్చే చోట కూర్చుంటే వాళ్ల మొహమే వేరుగా ఉంటుంది. ఒక గంట గడిచాక ఆయన "అడుక్కోవడం" అన్న మాట వాడరని నా నమ్మకం.

ఇక గిన్నె.

ఆ గిన్నె ఎవరు పెట్టి ఉంటారో మీ వాడితో కూర్చుని ఊహించండి. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ఉన్న నర్సు కావచ్చు. తన పిల్లల్ని తిప్పడానికి వెళ్లిన ఒంటరి తల్లి కావచ్చు. మోకాళ్ల నొప్పులతో పదేపదే లేచి తలుపు తియ్యలేని పెద్దాయన కావచ్చు. ఎవరైనా సరే, వీధిలో పిల్లల్ని నమ్మి గిన్నె పెట్టారు. అందులో యాభై చాక్లెట్లు ఉన్నాయంటే అవి యాభై మంది పిల్లలవి. మీ వాడు తీసుకున్నది ఆ ఇంటివాళ్లది మాత్రమే కాదు, వాడి వెనక వచ్చి ఖాళీ గిన్నెలోకి తొంగిచూసిన పాప వయసు పిల్లలదీ. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఇది చెబితే అర్థమవుతుంది. ఉపన్యాసంలా చెప్పకుండా ప్రశ్నలుగా అడగండి: "నువ్వు వెళ్లాక ఎవరు వచ్చుంటారు? వాళ్లు ఏమనుకుని ఉంటారు?" జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు, ప్రశ్న లోపలికి వెళ్తుంది.

ఒక్క సంగతి మాత్రం చెప్పకండి: "కెమెరాలో పడతావు జాగ్రత్త." ఇప్పుడు గుమ్మం గుమ్మానికీ డోర్‌బెల్ కెమెరా ఉంది, నిజమే. కానీ కెమెరా ఉంది కాబట్టి తియ్యకూడదని నేర్పితే, లేని చోట తియ్యొచ్చని కూడా నేర్పినట్టే. ఎవరి పిల్లలైనా ఇలా చేసిన వీడియో మీ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులోకి వస్తే దాన్ని ఇంకొకరికి పంపకండి. తప్పు చేసిన తొమ్మిదేళ్ల పిల్లాడి మొహం వందమంది ఫోన్లలో ఉండాల్సిన పని లేదు.

చెప్పడం కన్నా చేయించడం బాగా పనిచేస్తుంది. ఈసారి మీ వాడు బయల్దేరే ముందు అరగంట సేపు తాతయ్య పక్కన కూర్చుని మీ ఇంటి గిన్నెకి కాపలా ఉండాలి. ఎంతమంది వస్తున్నారో, ఎన్ని మిగులుతున్నాయో వాడే లెక్కపెట్టాలి. పెద్ద పిల్లాడొకడు వచ్చి గుప్పెడు లాక్కుంటే మీ వాడి కడుపులో ఏమవుతుందో వాడికి తెలుస్తుంది. మీరు పది రోజులు చెప్పినా రానిది ఆ ఒక్క నిమిషంలో వస్తుంది.

పిల్లలు ఒంటరిగా ఉన్నప్పుడు చెయ్యని పని గుంపులో చేస్తారు. మీ వాడు కూడా ఒక్కడే ఉంటే ఆ పని చేసి ఉండడనే నా ఉద్దేశం. అందుకని వాడి నోట్లో ఒక మాట ముందే సిద్ధంగా ఉండాలి. "తప్పు, పాపం" అంటే ఫ్రెండ్స్ నవ్వుతారు. "వెనకాల చిన్నపిల్లలు వస్తున్నార్రా, వాళ్లకి ఉంచుదాం" అంటే నవ్వరు. వాళ్లు మాట్లాడుకునే భాషలోనే, ఇంట్లో రెండుసార్లు ఆటగా చెప్పించండి. టేబుల్ మీద గిన్నె పెట్టి, మీరూ మీవారూ అల్లరి ఫ్రెండ్స్‌లా నటించి, వాడి చేత అనిపించండి. పాప కూడా ఆడుతుంది.

అన్నట్టు, పాపని చాడీలు చెప్పింది అన్నట్టు చూడకండి. "అన్నయ్య మీద చెప్పింది" అన్న మాట ఇంట్లో తిరుగుతూ ఉంటే, రేపు ఎవరైనా తనని భయపెట్టినా, తాకకూడని చోట తాకినా చెప్పడానికి వెనకాడుతుంది. అమ్మకి చెప్పొచ్చు అన్న ధైర్యం ఆడపిల్లకి, ఆ మాటకొస్తే మగపిల్లాడికి కూడా, ఏ మర్యాద కన్నా ముఖ్యం.

ఇప్పుడు మీ టెన్షన్. చాక్లెట్లలో విషం కలుపుతారన్న భయం అమెరికాలో చాలా పాతది. డెలావేర్ విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ ఈ ఒక్క విషయాన్నే దశాబ్దాలుగా పరిశీలించారు. ముక్కూ మొహం తెలియని వాళ్లు హాలోవీన్ మిఠాయిలో ఏదో కలిపి ఒక పిల్లాడి ప్రాణం తీశారన్న నిర్ధారిత సంఘటన ఒక్కటీ ఆయనకి దొరకలేదు. మీ రాష్ట్రంలోనే 1974లో ఎనిమిదేళ్ల పిల్లవాడు సైనైడ్ కలిసిన తాయిలం తిని చనిపోయాడు. ఆ భయం దేశమంతా పాకడానికి అది పెద్ద కారణం. కానీ అందులో విషం కలిపింది వీధిలో వాళ్లెవరూ కాదు, బీమా డబ్బు కోసం కన్నతండ్రే ఆ పని చేశాడని కోర్టులో తేలింది.

కాబట్టి ఇంటికి తెచ్చాక ఒకసారి చూసుకుంటే చాలు. కవర్ చిరిగినవి, కవర్ లేనివి, తెలియని వాళ్లు ఇంట్లో చేసి ఇచ్చినవి తీసేయండి. కొన్ని రాష్ట్రాల్లో గంజాయి కలిపిన క్యాండీలు మామూలు వాటిలాగే కనిపించే ప్యాకెట్లలో అమ్ముతారు కాబట్టి, పేరు తెలియని ప్యాకెట్ కనిపిస్తే వెనక అచ్చు వేసింది చదవండి. పొరపాటున ఏదైనా తిన్నారని అనుమానం వస్తే 1-800-222-1222కి ఫోన్ చెయ్యండి. దేశమంతా ఎక్కడి నుంచైనా, ఏ వేళకైనా పలికే పాయిజన్ కంట్రోల్ నంబర్ అది, ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేసుకోండి. వేరుశనగ అలర్జీ ఉంటే స్నికర్స్, రీసెస్ లాంటివి పక్కన పెట్టాలి. మీరు శాకాహారులైతే జిలాటిన్ సంగతి గుర్తుంచుకోండి. గమ్మీలు, మార్ష్‌మాలోలు, ఇక్కడి స్టార్‌బర్స్ట్, క్యాండీ కార్న్‌లో అది ఉంటుంది. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. పిల్లలకి తెలియకుండా పారెయ్యకుండా, ఎందుకు తినమో చెప్పి వాళ్ల చేతే ఏరించండి.

నిజంగా జాగ్రత్త పడాల్సింది రోడ్డు దగ్గర. 2019లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 1975 నుంచి 2016 దాకా, 42 హాలోవీన్ సాయంత్రాలను, వారం ముందు, వారం తర్వాత వచ్చే సాయంత్రాలతో పోల్చారు. హాలోవీన్ నాడు నడిచి వెళ్లేవాళ్లు వాహనాల కింద పడి చనిపోయే ప్రమాదం 43 శాతం ఎక్కువగా తేలింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో అది దాదాపు పది రెట్లు. సాయంత్రం ఆరు గంటల ప్రాంతం అన్నిటికన్నా చెడ్డది. దేశం మొత్తం మీద చూస్తే ఏడాదికి సగటున అదనంగా నాలుగు ప్రాణాలు. సంఖ్య చిన్నదే, కంగారు పడనక్కర్లేదు. కానీ మీ పాపకి ఐదేళ్లు అని గుర్తుపెట్టుకోండి.

మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు జరిగింది చెప్తాను. అవతలి వైపు నుంచి దాని ఫ్రెండ్ పిలిచింది. నా చెయ్యి వదిలించుకుని ఆగి ఉన్న రెండు కార్ల మధ్య నుంచి రోడ్డు మీదకి దూకింది. నల్ల పిల్లి వేషం, ఒంటినిండా నలుపే. వచ్చే కారు అబ్బాయి ఎలా చూశాడో, ఎలా బ్రేకు వేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ బ్రేకు చప్పుడు ఇన్నేళ్లయినా నా చెవుల్లో ఉంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే నియమం: అవతల నుంచి ఎవరు పిలిచినా కదలకూడదు, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకునే దాటాలి. హాలోవీన్‌కి ముందు వారం రోజులూ బడి నుంచి వచ్చేటప్పుడు దాన్ని ప్రాక్టీస్ చేయించాను. నేను అవతల నిలబడి "రా, రా" అని పిలిచేదాన్ని, అది రాకుండా ఉండాలి. మీ పాపతో అదే ఆడండి.

ఫ్రిస్కోలో అక్టోబర్ 31న ఆరున్నర దాటాక పొద్దు గుంకుతుంది. పాపని అయిదున్నరకే తీసుకెళ్లి చీకటి పడేసరికి ఇంటికి తెచ్చెయ్యండి, తర్వాత తాతయ్య పక్కన కూర్చుని తనూ పంచుతుంది. బాబు చీకటి పడ్డాక కాసేపు తిరగొచ్చు. వీధికి ఒక వైపు ఇళ్లన్నీ పూర్తి చేసి, మూల దగ్గర ఒక్కసారి దాటి, రెండో వైపు తిరిగి రావాలి. అటూ ఇటూ దాటుతూ తిరగడమే ప్రమాదం. డ్రైవ్‌వేల్లోంచి వెనక్కి వచ్చే కార్లు పిల్లలకి కనిపించవు, వాళ్లూ డ్రైవర్లకి కనిపించరు. చేతిలో టార్చ్, సంచి మీద, వీపు మీద మెరిసే టేపు. మాస్క్ కన్నా మొహానికి రంగు మంచిది, పక్కకి చూపు ఆనుతుంది. కాళ్లకి అడ్డంపడే పొడుగు గౌనులు, లంగాలు వద్దు. వేషం ఏదైనా సరే కానీ ఒక జాతిని, ఒకరి వైకల్యాన్ని వేషంగా వేసుకోకూడదని పిల్లలకి ముందే చెప్పండి.

ఇంకోటి మన ఇళ్లకే సంబంధించింది. దీపావళి, హాలోవీన్ కొన్నిసార్లు దగ్గర దగ్గరగా వస్తాయి. 2024లో అయితే రెండూ ఒకే రోజు. గుమ్మం ముందు వరసగా ప్రమిదలు పెట్టి, మీదుగా నైలాన్ కేప్‌లు ఈడ్చుకుంటూ పిల్లలు నడుస్తుంటే ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాలి. అలా కలిసిన ఏడాది నూనె దీపాలు లోపల దేవుడి దగ్గర, కిటికీ అరుగు మీద ఉంచి, బయట బ్యాటరీవి పెట్టండి. హాలోవీన్‌కి చెక్కి పెట్టే గుమ్మడికాయలోనూ బ్యాటరీ దీపమే.

బాబు ఫ్రెండ్స్‌తో వెళ్తానన్నదానికి నా జవాబు: ఈ ఏడాది వద్దు. పన్నెండేళ్ల లోపు పిల్లలు చీకట్లో పెద్దవాళ్లు లేకుండా తిరగకూడదని పిల్లల భద్రత కోసం పనిచేసే సేఫ్ కిడ్స్ సంస్థ కూడా చెబుతుంది. కానీ నాన్న గుమ్మం దాకా రావక్కర్లేదు. మీవారు పది అడుగుల వెనక, కాలిబాట మీద నడుస్తారు, ఫోన్ జేబులో ఉంటుంది. ఈ మాట మీవారికి మెల్లగా చెప్పండి, గత ఏడాది గిన్నె దగ్గర వాడికి కావలసింది ఆ పది అడుగుల దూరమే. మిగతా ఇద్దరు పిల్లల అమ్మానాన్నలతో ముందే మాట్లాడి ఒకే దారి, ఒకే టైమ్ పెట్టుకోండి. ఎవరు ఎంత ముద్దుగా పిలిచినా ఇంటి లోపలికి గానీ, కారులోకి గానీ వెళ్లకూడదు. లైట్ ఆర్పి ఉన్న ఇంటి తలుపు తట్టకూడదు.

దారిలో కొన్ని కనిపిస్తాయి, వాటి అర్థం పిల్లలకి చెప్పి ఉంచండి. నీలం, ఆకుపచ్చ కలిసినట్టుండే టీల్ రంగు గుమ్మడికాయ గుమ్మంలో ఉంటే, అలర్జీ ఉన్న పిల్లల కోసం ఆ ఇంట్లో తినేవి కాకుండా బొమ్మలో, స్టిక్కర్లో కూడా ఉంటాయని అర్థం. ఫేర్ అనే అలర్జీ సంస్థ 2014 నుంచి దీన్ని దేశమంతా ప్రచారం చేస్తోంది. మీరు కూడా ఒకటి పెట్టుకోవచ్చు, పది పెన్సిళ్లు కొంటే సరిపోతుంది. ఎవరైనా పిల్లాడు, క్యాండీ అడిగేటప్పుడు పిల్లలు అనే "ట్రిక్ ఆర్ ట్రీట్" అనకుండా మౌనంగా సంచి చాపితే మాట్లాడమని నిలదియ్యకూడదు. మాటలు రాని పిల్లలు, భయస్తులు, ఆటిజం ఉన్న పిల్లలు ఆ రాత్రి ఎంతో ధైర్యం చేసి గుమ్మం దాకా వస్తారు. పొడుగ్గా ఎదిగిన పద్నాలుగేళ్ల పిల్లాడు వచ్చినా ఇవ్వండి.

ఇంటికి వచ్చాక సంచి పిల్లలది. వాళ్లు నిద్రపోయాక మనం అందులోంచి తీసుకుని తినడం చాలా ఇళ్లలో మామూలు, మా ఇంట్లోనూ జరిగింది. అడిగి తీసుకోండి. గిన్నె గురించి అంత చెప్పి, మనం రాత్రి సంచిలో చెయ్యి పెడితే పిల్లాడు గమనిస్తాడు. రోజుకి ఎన్నో వాళ్లతోనే ఒప్పందం చేసుకుని, కొంత పంచడానికి పక్కన పెట్టించండి. ఎవరికి ఇవ్వాలో వాళ్లే చెప్పాలి. 1950లో ఫిలడెల్ఫియా దగ్గర కొందరు పిల్లలు మిఠాయికి బదులు పాల డబ్బాల్లో చిల్లర పోగుచేసి యూనిసెఫ్‌కి పంపారు. తర్వాత అమెరికా పిల్లలు పట్టుకు తిరిగిన నారింజ రంగు డబ్బాలకి మొదలు అదే. మీ పిల్లలకి ఆ కథ చెప్పండి.

చివరగా ఆ ఇల్లు. ఏడాది అయిపోయింది కదా అనుకోకండి. హాలోవీన్‌కి వారం ముందు, ఏదో ఒక ఆదివారం సాయంత్రం, మీ వాడి పాకెట్ మనీతో ఒక పెద్ద క్యాండీ ప్యాకెట్ కొనిపించండి. మీరిద్దరే వెళ్లండి, పాప వద్దు, నాన్న వద్దు. దారిలో ఏం చెప్పాలో వాడే అనుకోవాలి. తలుపు తీశాక మీరు మాట్లాడకండి. "పోయిన ఏడాది మీ గిన్నెలోవన్నీ నేను, మా ఫ్రెండ్స్ తీసుకున్నాం, సారీ, ఈసారి గిన్నెలోకి ఇవి" అని వాడు అంటే చాలు. ఫ్రెండ్స్ పేర్లు చెప్పక్కర్లేదు. వాళ్లు నవ్వి ఊరుకోవచ్చు, కోప్పడనూ వచ్చు, రెండిటికీ వాడిని ముందే సిద్ధం చెయ్యండి. గొంతు పెగలక ఏడుపు వస్తే ఏడవనివ్వండి, ప్యాకెట్ చేతికిచ్చి వచ్చెయ్యండి. తిరిగి ఇంటికి నడిచేటప్పుడు ఆ విషయం మీరెత్తకండి. వాడు మాట్లాడితే వినండి.